పైకప్పు ఉన్న చెక్క వంతెన: బ్రిడ్జ్‌పోర్ట్ ఉదాహరణ

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, సౌత్ యూబా నదిపై బ్రిడ్జ్‌పోర్ట్ అనే చోట ఒక చెక్క వంతెన ఉంది. దానికి ఇంటికి ఉన్నట్టు పైకప్పు, ఇరువైపులా గోడలు ఉన్నాయి. 1862లో కట్టిన ఈ వంతెన ఇప్పుడు సౌత్ యూబా రివర్ స్టేట్ పార్కులో భాగం. వారసత్వ కట్టడాన్ని పరిరక్షించడం అంటే ఏమిటో ఈ ఉదాహరణ ద్వారా పరిశీలిద్దాం.

పైకప్పు ఎందుకు?

బాటసారులు తడవకుండా కప్పు వేశారని మీరు అనుకోవచ్చు. అసలు కారణం వేరు. వంతెన బరువును మోసేది ఇరుపక్కలా నిలిచిన దూలాల చట్రం. దీన్ని ట్రస్ అంటారు. దూలాలు కలిసే అతుకుల్లో నీరు చేరి ఆరకపోతే శిలీంధ్రాలు పెరిగి చెక్క కుళ్లిపోతుంది. కప్పులేని చెక్క వంతెన పదీ ఇరవై ఏళ్లలోనే బలహీనపడవచ్చు. కప్పు ఉన్నది వందేళ్లు దాటి నిలవగలదు. మన పల్లెల్లో మట్టిగోడను వాననుంచి కాపాడేది చూరే కదా! ఇక్కడా సూత్రం అదే.

నిర్మాణం

నది మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా ఈ వంతెన 200 అడుగులకు పైగా సాగుతుంది. ఇందులో వాడిన పద్ధతిని హోవ్ ట్రస్ అంటారు. ఏటవాలు చెక్క దూలాలు నొక్కే బలాన్ని, అంటే సంపీడనాన్ని భరిస్తాయి. నిలువు ఇనుప కడ్డీలు లాగే బలాన్ని, అంటే తన్యతను భరిస్తాయి. చెక్క కుంచించుకుపోయి అతుకులు వదులైతే, కడ్డీలకున్న నట్లు బిగిస్తే సరిపోతుంది. ట్రస్‌కు తోడుగా ఇరుపక్కలా పెద్ద చెక్క కమానులు ఉన్నాయి. బయటి గోడలపై కూడా వాటి వంపు కనిపిస్తుంది.

వాడుక నుంచి వారసత్వానికి

డేవిడ్ జాన్ వుడ్ సంస్థ కట్టిన ఈ వంతెన మీదుగా నెవాడా వెండి గనులకు సరుకుల బండ్లు వెళ్లేవి. దాటేవారు సుంకం చెల్లించేవారు. సుంకం వస్తున్నంత కాలం మరమ్మతు యజమానికే అవసరం. 1972లో వాహనాల రాకపోకలు ఆగిపోయాయి. దారిగా అవసరం తీరిన కట్టడానికి కొత్త పలకలు ఎవరు వేయాలి? అసలు ప్రశ్న ఇదే.

పార్కులో చేరడం ఒక సమాధానమే గాని, అది సరిపోదు. వంతెన బలహీనపడటంతో 2011లో పాదచారులను కూడా ఆపవలసి వచ్చింది. విస్తృతమైన పునరుద్ధరణ తరువాత 2021 నవంబరులో మళ్లీ తెరిచారు. రక్షిత కట్టడమని ప్రకటించినంత మాత్రాన వాన ఆగదు. ఏటేటా శ్రద్ధ, డబ్బు, పనివాళ్లు కావాలి.

ఒక సందేహం కలగవచ్చు: పలకలు, కలప మార్చాక అది పాత వంతెనే అవుతుందా? పైకప్పు ఉన్నదే తాను అరిగిపోతూ లోపలి చట్రాన్ని కాపాడటానికి. కాబట్టి దాన్ని మార్చడం ఈ నిర్మాణ పద్ధతిలో భాగమే. అయితే చట్రంలో ఏ దూలాన్ని ఎందుకు మార్చారో నమోదు చేయాలి. పాత కొలతలను, అతుకుల తీరును నిలుపుకోవాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

మీ ప్రాంతంలో వాడుక తప్పిన ఒక పాత కట్టడాన్ని ఎంచుకోండి. దానిలో బరువు మోసే భాగం ఏది, దాన్ని కాపాడే భాగం ఏది, ఆ రెండవదాన్ని ఇప్పుడు ఎవరు బాగుచేస్తున్నారు? పది వాక్యాల్లో రాయండి.