మురుగునీటి వాయువుతో బండి నడచుట

అలిపిరి కడ నిలిచి కొండవైపు చూచినచో ఒక బస్సు వెనుక నింకొక బస్సు ఘాటు రోడ్డు నెక్కుచుండును. మొదటి ఘాటు రోడ్డు 1944లో తెరువబడినది. చిరకాలము డీసెలు బస్సులే యాత్రికులను కొండకు చేర్చినవి. 2022 సెప్టెంబరులో విద్యుత్తుతో నడచు బస్సులును ఇచ్చటినుండి బయలుదేరినవి. బండి నడపుటకు వేరొక యింధనము గలదు. అది మన వీధికాలువలోనే పారుచున్నది. మురుగునీటినుండి యింధనము పుట్టు విధమును మా చదువరులకు వివరింపదలచితిమి.

మొదట దాని చెడుగుణమును చెప్పుట మా విధి. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు సమీపమున మొరం గ్రామమునందలి యొక కోళ్ల పరిశ్రమలో, మురుగుతొట్టెను శుభ్రపరుప దిగిన సందర్భమున ఏడుగురు ఊపిరాడక మరణించిరి. గాలి సోకని చోట మలినము క్రుళ్లునపుడు, క్రుళ్లిన కోడిగ్రుడ్డు వాసనగల హైడ్రొజను సల్ఫైడు పుట్టును. అది హెచ్చైనచో ముక్కు వాసన పట్టు శక్తినే కోల్పోవును. వాసన లేదని నమ్మి దిగినవాడు పడిపోవును. వానిని రక్షింప దిగినవాడును పడిపోవును.

ఇట్లు ప్రాణము తీయు క్రుళ్లుటనే మూతగల తొట్టెలో, మనుష్యుడు దిగ నవసరము లేకుండ, క్రమముగ జరిపించినచో అది మనకు సేవచేయును. మురుగునీరు శుద్ధికేంద్రమున నిలువగా బురద అడుగున పేరుకొనును. దానిని గాలి చొరని తొట్టెలోనికి పంపి, ఇంచుమించు 35 డిగ్రీల వేడిమిలో మూడు నాలుగు వారములుంతురు. సూక్ష్మజీవులు దానిని తిని వాయువును విడుచును. అందు నూటికి 60 పాళ్లు మండెడి మీథేను. తక్కినది చాలవరకు బొగ్గుపులుసు వాయువు. కొంచెము హైడ్రొజను సల్ఫైడు, నీటియావిరి.

దీనిని ఉన్నదున్నట్లు ఇంజనులో పోసినచో లోహము తినివేయబడును. కావున మొదట ఇనుపత్రుప్పుమీదుగ పోనిచ్చి హైడ్రొజను సల్ఫైడును తొలగింతురు. పిమ్మట ఒత్తిడితో నీటిగుండ పంపగా బొగ్గుపులుసు వాయువు నీట కరగిపోవును. తేమను తీసి, మిగిలిన మీథేనును వాతావరణమునకు 200 రెట్ల ఒత్తిడితో సిలిండరులలో నింపుదురు. సి.యన్.జి. బండ్లు దానితో నడచును.

ఇది నేటి యూహ కాదు. బొంబాయి మాటుంగాలోని కుష్ఠరోగుల ఆశ్రమమున 1897 నాటికే మలినపు తొట్లనుండి వాయువును పట్టి యంత్రమును నడపిరి. ఇంగ్లండులోని బ్రిస్టలు ప్రాంతమున 2014 నవంబరులో మురుగు, ఆహారపుచెత్తల వాయువుతో 40 మంది కూర్చుండు బస్సు తిరిగినది. మన తెలుగువారి హైదరాబాదులో అంబరుపేట కేంద్రము దినమునకు 33.9 కోట్ల లీటర్ల మురుగును గాలి సోకని పద్ధతిలో శుద్ధిచేయుటకు కట్టబడినది. మన యెండలు సూక్ష్మజీవులకు మిక్కిలి అనుకూలములు.

ఎంత లభించునో లెక్కింతము. ఒక మనిషి మురుగునుండి దినమునకు సుమారు 20 లీటర్ల వాయువు వచ్చును. లక్షమంది మురుగంతయు కేంద్రమునకు చేరినచో 2000 ఘనమీటర్లు. అందలి మీథేను, నష్టములు పోగా, ఇంచుమించు వేయి లీటర్ల డీసెలుకు సరి. లీటరుకు 4 కిలోమీటర్లు నడచు బస్సుకు ఇది మైదానమున 4000 కిలోమీటర్ల ప్రయాణము. కొండ యెక్కుటలో అంత దూరము రాదు. పట్టణపు బండ్లన్నిటికిని ఇది చాలదు. కొన్ని బస్సులకు మాత్రము చాలును.

మరి యేల ఎల్లెడల చేయరు? మూత తొట్లకు, శుద్ధియంత్రములకు ధనము కావలెను. చిన్న యూళ్లకు ఆ వ్యయము మోయరానిది. అయినను పట్టక విడిచిన మీథేను ఊరకుండదు. నూరేండ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువుకంటె అది సుమారు 28 రెట్లు భూమిని వేడిచేయును. దానిని మండించుటయే మేలు.

బాలబాలికలారా! తిరుపతి మురుగు తూకివాకపు శుద్ధికేంద్రమునకు పోవునని వినియుందురు. ఇంటి కాలువలో నూనెయు ప్లాస్టికును వేయకుడు. అవి దారిని మూసినచో దానిని తెరచుటకు ఒక మనిషి దిగవలసివచ్చును. ఎవడైన మురుగుతొట్టెలో పడినను మీరు దిగక, పెద్దలను, అగ్నిమాపకదళమును పిలువుడు. మురుగుగుంటలోనికి మనిషి దిగని దినమే ఈ విద్యకు నిజమైన ఫలము. బస్సు నడచుట దాని తరువాతిది.