తరిణి తిన్నగా తిరిగితేనే బొమ్మకు అందం

అనకాపల్లి జిల్లా యలమంచిలి మండలంలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామం లక్క బొమ్మలకు ప్రసిద్ధి. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్‌పై సాగిన ఆంధ్రప్రదేశ్ శకటానికి ఇతివృత్తం ఈ బొమ్మలే. మెత్తని అంకుడు కర్ర గురించీ, ప్రకృతిసిద్ధమైన రంగుల గురించీ అందరూ చెప్పుకుంటారు. ఆ కర్రకు రూపాన్నీ, రంగునూ ఇచ్చే యంత్రం మాత్రం సాధారణంగా చర్చకు రాదు. ఆ యంత్రమే తరిణి, అంటే కర్రను గుండ్రంగా తిప్పుతూ చెక్కే లేత్.

పూర్వం తరిణిని తాడుతో తిప్పేవారు. ఒకరు తాడును ఇటూ అటూ లాగుతుంటే మరొకరు ఉలి పట్టేవారు. విద్యుత్ మోటారు రాకతో రెండో మనిషి అవసరం తీరింది, కర్ర ఒకే దిక్కున ఆగకుండా తిరగసాగింది. అయితే చేతితో లాగే తాడులో లోపం వెంటనే చేతికి తెలిసేది. మోటారు తన బలంతో ఆ లోపాన్ని కప్పిపుచ్చుతూ చాలాకాలం తిరుగుతుంది. అందుకే పాత యంత్రానికి క్రమం తప్పని పరీక్ష అవసరం.

లక్క పనిలో ఈ అవసరం మరింత ఎక్కువ. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనించినప్పుడు, రాపిడి వేడికి లక్క కరిగి కర్రపై పరుచుకుంటుంది. వేగం చాలకపోతే లక్క సరిగా కరగదు. మితిమీరితే మాడి రంగు చెడుతుంది. కర్ర ఊగుతూ తిరిగితే ఒక పక్క పూత దళసరిగా, మరో పక్క పలుచగా పడుతుంది. అంకుడు కర్రనే వాడే కర్ణాటకలోని చన్నపట్న కళాకారులకూ, సూరత్‌కు ఈశాన్యంగా ఉన్న సంఖేడాలో టేకుతో లక్క పూత సామగ్రి చేసే గుజరాతీ వడ్రంగులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

పాత తరిణి శబ్దం చేస్తున్నా, వణుకుతున్నా ముందుగా లోపం ఏ వైపు ఉందో తేల్చుకోవాలి. విద్యుత్ సరఫరా ఆపి, బెల్టు తీసివేసి, మోటారును మాత్రమే నడిపి చూడాలి. శబ్దం అలాగే వస్తే లోపం మోటారులో ఉన్నట్టు. రాకపోతే మళ్లీ సరఫరా ఆపి, కర్రను పట్టి తిప్పే ఇరుసును చేతితో మెల్లగా తిప్పి చూడాలి. గరగరమంటే బేరింగు అరిగిందని భావించవచ్చు. ఇరుసును పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ కదిపినప్పుడు సందు తెలిస్తే బేరింగు వదులైనట్టే. ఈ చిన్న పరీక్షతో అనవసరమైన విడిభాగాల ఖర్చు తప్పుతుంది.

చాలా పాత యంత్రాలలో బాల్ బేరింగులకు బదులు గన్‌మెటల్ బుష్‌లు ఉంటాయి. వీటికి రోజూ పని మొదలుపెట్టే ముందు కొన్ని చుక్కల నూనె వేయాలి. అరగంట నడిచాక బుష్ ఉన్న దిమ్మ గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి ఆనించలేనంత వేడెక్కితే నూనె అందడం లేదని గానీ, బిగింపు ఎక్కువైందని గానీ అర్థం. రెండు వైపులా మూసి ఉన్న బాల్ బేరింగులకు మాత్రం పైనుంచి నూనె పోయడం వల్ల ఉపయోగం లేదు. శబ్దం మొదలైతే అదే సంఖ్య గల కొత్త బేరింగును అమర్చడమే మేలు.

తరువాత చూడవలసింది బెల్టు. పక్కలు నున్నగా మెరుస్తున్నా, పగుళ్లు కనిపించినా అది జారుతున్నదని గ్రహించాలి. జారే బెల్టును మరీ బిగిస్తే ఆ భారం బేరింగులపై పడుతుంది. పుల్లీల కొలత కూడా ముఖ్యమే. నిమిషానికి 1,440 సార్లు తిరిగే మోటారుకు 3 అంగుళాల పుల్లీ, ఇరుసుకు 6 అంగుళాల పుల్లీ ఉంటే కర్ర నిమిషానికి 720 సార్లు తిరుగుతుంది. పాత పుల్లీ పగిలినప్పుడు చేతికందిన మరో కొలతది వేస్తే ఈ లెక్క మారిపోతుంది. ఒకే వేగంలో కర్ర ఎంత లావుగా ఉంటే దాని అంచు అంత ఉధృతంగా తిరుగుతుంది. పెద్ద కర్రకు తక్కువ వేగం అవసరమయ్యేది ఇందుకే.

పొడవాటి కర్రను రెండు కొసలా పట్టి ఉంచే యంత్రంలో, రెండు వైపుల మొనలూ ఎదురెదురుగా కలుస్తున్నాయో లేదో చూడాలి. కలవకపోతే దిమ్మ కింద చేరిన పొట్టును తుడిచి, బోల్టులను మళ్లీ బిగించాలి. ఉలిని ఆనించే ఇనుప బద్దపై గాట్లు పడితే ఆకురాయితో చదును చేయాలి. ఆ గాట్లలో ఉలి తట్టుకుంటే చేయి అదుపు తప్పుతుంది. తుప్పును కిరోసిన్, సన్నని ఎమెరీ కాగితంతో తొలగించి పలుచగా మైనం రాయాలి. నూనె రాస్తే పొట్టు అంటుకుని పేరుకుంటుంది.

మోటారు గుయ్యిమంటూ తిరగకపోతే కెపాసిటర్ చెడిపోయి ఉండవచ్చు. సరఫరా ఆపాక కూడా కెపాసిటర్‌లో విద్యుత్ నిలిచి ఉంటుంది కనుక ఆ పనిని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయాలి. మోటారు గాలి రంధ్రాల్లో పొట్టు చేరకుండా వారానికొకసారి శుభ్రం చేయాలి. ఎర్తింగ్ తప్పనిసరి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది మనిషి భద్రత. రోజు పనితోనే ఇల్లు గడిచే కళాకారునికి ఒక పూట యంత్రాన్ని ఆపడం నష్టంగానే తోస్తుంది. కానీ వాయిదా వేసిన మరమ్మతుకు మూల్యం ఒక్కోసారి వేలితోనో, కంటితోనో చెల్లించవలసి వస్తుంది. బెల్టుపై కప్పు ఉండాలి. స్విచ్చి చేతికందేంత దూరంలో ఉండాలి. మెడలో తువ్వాలు, వదులు చొక్కా, చేతి తొడుగులు వేసుకుని తరిణి వద్ద నిలబడకూడదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కర్ర ధూళిని క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు అలవాటుగా మారాలి.

దిమ్మకు పగులు వస్తే, ఇరుసు వంగిపోతే ఆ యంత్రాన్ని నడపకుండా పక్కన పెట్టడమే క్షేమం. మిగిలిన లోపాలలో చాలావరకు బేరింగు, బెల్టు, బోల్టు మార్పుతో తీరేవే. పాతదన్న ఒక్క కారణంతో తరిణిని పారవేయనక్కరలేదు. వారానికొక గంట శ్రద్ధ చూపితే అది పూత చెడకుండా, చేయి తెగకుండా ఇంకా ఎన్నో ఏళ్లు బొమ్మలకు రూపమిస్తుంది.