ఆగి ఉన్నందుకు జీతం: అత్యవసర గ్యాస్ ప్లాంట్లు ఎవరి చేతిలో ఉండాలి?

2024 మే 30న దేశంలో విద్యుత్ డిమాండు 2.5 లక్షల మెగావాట్లను తాకింది. అంతకుముందు ఎన్నడూ చూడని స్థాయి అది. అలాంటి వేసవి రాబోతోందని అంచనా వేసిన కేంద్ర విద్యుత్ శాఖ ఏప్రిల్‌లోనే ఒక ఆదేశం జారీ చేసింది. విద్యుత్ చట్టంలోని 11వ సెక్షన్ కింద, గ్యాస్ ఆధారిత కేంద్రాలన్నీ మే 1 నుంచి జూన్ 30 వరకు నడిచేందుకు సిద్ధంగా ఉండాలని చెప్పింది. అంత పెద్ద వేసవిలో కూడా ప్లాంట్లను నడపమని ప్రత్యేకంగా ఆదేశించాల్సి వచ్చింది! అప్పటికి దేశంలో సుమారు 25 వేల మెగావాట్ల గ్యాస్ ప్లాంట్లు ఉన్నాయి. ఏడాది మొత్తం మీద మనం వాడే కరెంటులో వాటి వాటా మాత్రం రెండు శాతం దరిదాపుల్లోనే ఉంది.

ఇన్ని యంత్రాలు ఎందుకు ఖాళీగా ఉన్నాయి, వాటిని ప్రభుత్వమే కొనేస్తే సమస్య తీరుతుందా అన్న ప్రశ్న తరచూ వస్తుంటుంది. జవాబు వెతికే ముందు గ్రిడ్‌కు ఈ యంత్రాలతో పనేమిటో చూడాలి.

ధాన్యంలా కరెంటును పెద్ద ఎత్తున గోదాముల్లో నిల్వ చేయలేం. ఏ క్షణంలో ఎంత వాడుతున్నామో ఆ క్షణంలో అంతే తయారు కావాలి. లెక్క సరిపోతోందో లేదో ఫ్రీక్వెన్సీ చెబుతుంది. మన గ్రిడ్‌లో అది 50 హెర్ట్జ్. నిబంధనల ప్రకారం 49.90, 50.05 మధ్య ఉండాలి. వాడకానికి తగిన ఉత్పత్తి లేకపోతే జనరేటర్ల రోటార్ల మీద భారం పెరిగి అవి కాస్త నెమ్మదిస్తాయి, ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. టన్నుల కొద్దీ బరువుతో తిరిగే ఆ రోటార్లలోని గతిశక్తే మొదటి కొన్ని సెకన్లు గ్రిడ్‌ను నిలబెడుతుంది. ఆ తర్వాత నిమిషాల్లో కొత్త ఉత్పత్తి వచ్చి చేరాలి. రాకపోతే కొన్ని ప్రాంతాలకు సరఫరా ఆపడం తప్ప మార్గం ఉండదు.

ఇలాంటి వేగం ఎవరికి ఉందో 2020 ఏప్రిల్ 5 రాత్రి తెలిసింది. లాక్‌డౌన్ సమయంలో దేశమంతా తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పినప్పుడు డిమాండు 31 వేల మెగావాట్లకు పైగా పడిపోయి మళ్లీ లేచింది. ఆ కుదుపును ప్రధానంగా మోసింది జలవిద్యుత్ కేంద్రాలు. వాటి ఒక్కదాని వాటానే 17 వేల మెగావాట్లు దాటింది. గ్యాస్ పాత్ర చాలా చిన్నది. అయితే నడివేసవిలో జలాశయాలు అడుగంటుతాయి. సౌర విద్యుత్ స్థాపిత సామర్థ్యం 2025 జనవరిలో లక్ష మెగావాట్లు దాటినా, సాయంత్రం ఏసీలు జోరుగా నడిచే వేళకు అది సున్నాకు దిగుతుంది. చల్లారిన బొగ్గు బాయిలర్‌ను మళ్లీ రాజేయాలంటే గంటల పని. గ్యాస్ టర్బైన్ ఒక్కటే అయితే పది నిమిషాల నుంచి అరగంటలో పూర్తి వేగం అందుకోగలదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మన ప్లాంట్లలో ఎక్కువ భాగం కంబైన్డ్ సైకిల్ రకం. టర్బైన్ నుంచి 600 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో బయటికొచ్చే వేడి వాయువులతో ఆవిరి పుట్టించి, దానితో మరో టర్బైన్‌ను తిప్పుతారు. ఒంటరి టర్బైన్ ఇంధనంలోని శక్తిలో 35 నుంచి 40 శాతాన్ని కరెంటుగా మారిస్తే, ఈ జోడింపుతో అది 55 శాతం పైకి చేరుతుంది. ఆ బదులుకు మూల్యం వేగం. చల్లారిన ఆవిరి భాగం సిద్ధం కావడానికి చాలా సమయం పడుతుంది. అంటే రోజంతా నడవడానికి కట్టిన యంత్రాలను ఇప్పుడు సాయంత్రం నాలుగు గంటల పనికి పిలుస్తున్నాం.

డబ్బు లెక్క ఇంకా కఠినం. ఒక ప్లాంటు అప్పులు, జీతాలు, నిర్వహణ ఖర్చు అంతా కలిపి, అది ఏడాదిలోని 8,760 గంటలూ నడిస్తే యూనిట్‌కు ఒక రూపాయి పడుతుందనుకుందాం. అదే ప్లాంటు 200 గంటలే నడిస్తే ఆ రూపాయి 44 రూపాయలవుతుంది. ఇంధనం ఖర్చు దీనికి అదనం. దిగుమతి చేసుకున్న ఎల్ఎన్‌జీతో నడిచే ప్లాంట్ల కోసం 2023 మార్చిలో పవర్ ఎక్స్ఛేంజీలో అధిక ధరల విభాగం తెరిచారు. అక్కడి గరిష్ఠ ధరను మొదట యూనిట్‌కు 50 రూపాయలుగా పెట్టి, తర్వాత 20కి తగ్గించారు. వినియోగదారుడి వైపు నుంచి చూస్తే తగ్గించడం న్యాయమే. కానీ ఏడాదికి 200 గంటల పని కోసం ఏ వ్యాపారీ యంత్రాన్ని నూనె పూసి కాచుకుని కూర్చోడు. కాచుకుని ఉండటమే పనైనప్పుడు, దానికి వేరుగా జీతం ఇవ్వాల్సిందే.

ఈ చిక్కును నేరుగా ఎదుర్కొని, ప్రభుత్వమే యంత్రాలు కొన్న చోటు ఒకటుంది: సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రం. 2016 సెప్టెంబరు 28న తుపాను గాలులకు అక్కడి హైటెన్షన్ టవర్లు కూలి, వరుస కుదుపులకు గాలిమరల కేంద్రాలు కొన్ని గ్రిడ్ నుంచి విడిపోయి, పొరుగు రాష్ట్రంతో ఉన్న లైను ట్రిప్ అయి, రాష్ట్రం మొత్తం చీకటైంది. దాని కన్నా ఎక్కువ కోపం తెప్పించిన ఘటన 2017 ఫిబ్రవరి 8న జరిగింది. వడగాడ్పుల సాయంత్రం గాలి పడిపోయింది, కరెంటు చాలలేదు. దాదాపు 90 వేల మంది వినియోగదారులకు సరఫరా ఆపారు. ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల అవసరమైన దానికన్నా ఎక్కువ మందికి కోత పడింది కూడా. అదే సమయంలో పెలికన్ పాయింట్ అనే ప్రైవేటు గ్యాస్ ప్లాంటులో సగం సామర్థ్యం ఖాళీగా ఉంది. మర్నాడు గ్రిడ్ నిర్వాహక సంస్థ ఆదేశిస్తే అది నడిచింది.

నెల తిరిగేసరికి ఆ రాష్ట్ర ప్రభుత్వం 55 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల ప్రణాళిక ప్రకటించింది. అందులో పెద్ద బ్యాటరీతో పాటు ప్రభుత్వ సొంత అత్యవసర ప్లాంటు కూడా ఉంది. విమాన ఇంజిన్ల నుంచి రూపుదిద్దుకున్న, ట్రైలర్ల మీద తరలించగల తొమ్మిది టర్బైన్లు కొన్నారు. మొత్తం 276 మెగావాట్లు. మొదట్లో అవి డీజిల్‌తోనే నడిచాయి. ఈ వివరం చిన్నదిగా కనిపించినా కీలకమైనది. డీజిల్‌ను ట్యాంకులో పోసి ఉంచుకోవచ్చు, గ్యాస్ గొట్టం వైపు చూడనక్కర్లేదు. 2019 జనవరి 24న అడిలైడ్‌లో ఉష్ణోగ్రత 46.6 డిగ్రీలకు చేరినప్పుడు ఆ యంత్రాలను నడపాల్సి వచ్చింది. ఆలోగా ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం అదే ఏడాది టర్బైన్లను 25 ఏళ్ల లీజుకు రెండు ప్రైవేటు కంపెనీలకు ఇచ్చేసింది. అత్యవసర యంత్రం ఖాళీగా కనిపిస్తే చాలు, దాన్ని దండగ ఖర్చుగా చూడటం రాజకీయాలకు అలవాటు. ఫైరింజన్‌ను మాత్రం ఎవరూ అలా చూడరు.

ప్రభుత్వ యాజమాన్యం మన దేశానికీ కొత్త కాదు. ఎన్‌రాన్ పతనంతో మూలపడిన మహారాష్ట్రలోని దభోల్ ప్లాంటును 2005లో ఎన్టీపీసీ, గెయిల్ సంస్థల భాగస్వామ్యంతో రత్నగిరి గ్యాస్ అండ్ పవర్ పేరిట పునరుద్ధరించారు. సామర్థ్యం 1,967 మెగావాట్లు. కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్ తగ్గిపోగానే 2013లో అది మళ్లీ ఆగింది. సర్కారు సంస్థే కదా అని గ్యాస్ దానంతట అది రాలేదు. 2015 నవంబరులో రైల్వే సుమారు 500 మెగావాట్లు కొనడానికి ముందుకొచ్చాకే మళ్లీ కదిలింది. యజమాని మారలేదు, ఖాయమైన కొనుగోలుదారు, ఇంధన ఏర్పాటు దొరికాయి, అంతే. కేరళలో ఎన్టీపీసీకే చెందిన 360 మెగావాట్ల కాయంకుళం కేంద్రం కథ దీనికి తిరగేసినట్టుంటుంది. దాని ఇంధనమైన నాఫ్తాను ట్యాంకుల్లో నిల్వ చేసుకోవచ్చు. కానీ ఆ కరెంటు ఖరీదు భరించలేక రాష్ట్ర విద్యుత్ బోర్డు దాన్ని తీసుకోవడం మానేసి, ఏళ్ల తరబడి స్థిర చార్జీలు కట్టింది.

ఈ కథలో ఎక్కువగా దెబ్బతిన్నది గోదావరి తీరమే. 2009 ఏప్రిల్‌లో కేజీ-డీ6 క్షేత్రం నుంచి గ్యాస్ రావడం మొదలైంది. దాన్ని నమ్ముకుని వేమగిరి, జేగురుపాడు, పెద్దాపురం, రావులపాలెం, సామర్లకోట, కొండపల్లి పరిసరాల్లో ప్లాంట్లు వెలిశాయి, ఉన్నవి విస్తరించాయి. ఉత్పత్తి అనుకున్నట్టు పెరగకపోగా వేగంగా పడిపోయింది. మిగిలిన కొద్దిపాటిలో ఎరువుల కర్మాగారాలకు ప్రాధాన్యం దక్కడంతో 2013 మార్చికి విద్యుత్ రంగానికి ఆ గ్యాస్ పూర్తిగా ఆగింది. దేశవ్యాప్తంగా ఇలా చిక్కుకుపోయిన సామర్థ్యం 14,305 మెగావాట్లని 2019లో పార్లమెంటు స్థాయీ సంఘం లెక్క చెప్పింది. 2015-17 మధ్య కేంద్రం సబ్సిడీ ఇచ్చి ఎల్ఎన్‌జీతో కొన్నింటిని నడిపించింది. పథకం ముగియగానే మళ్లీ నిశ్శబ్దం.

జేగురుపాడులోని 216 మెగావాట్ల తొలి దశ ప్లాంటును 2016లో ఆంధ్రప్రదేశ్ డిస్కంలు కొనుగోలు చేశాయి. యంత్రం రాష్ట్రం చేతికొచ్చింది. గ్యాస్ కేటాయింపు మాత్రం ఢిల్లీలోనే ఉండిపోయింది. ఇంధనం గురించిన హామీ లేకుండా టర్బైన్‌ను సొంతం చేసుకోవడమంటే బావి లేని మోటారును కొనుక్కోవడమే.

గ్యాస్‌తో మరో ఇబ్బంది కూడా ఉంది. బొగ్గు కేంద్రం యార్డులో రోజుల తరబడి సరిపడే కుప్ప ఉంటుంది. గ్యాస్ ప్లాంటు గేటు దగ్గర గొట్టం తప్ప ఏమీ ఉండదు. భూగర్భంలో పెద్ద ఎత్తున గ్యాస్ దాచే ఏర్పాటు భారత్‌లో లేదు. ఎల్ఎన్‌జీ టెర్మినళ్ల ట్యాంకుల్లో ఉన్నదే నిల్వ. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ఎల్ఎన్‌జీ ధరలు మండిపోయినప్పుడు దీని అర్థం దక్షిణాసియా అంతటికీ తెలిసొచ్చింది. బంగ్లాదేశ్ ఆ జూలైలో స్పాట్ కొనుగోళ్లు ఆపి కోతలకు దిగింది. పాకిస్థాన్‌లో బల్లోకీ, హవేలీ బహదూర్ షా అనే రెండు ప్రభుత్వ ప్లాంట్లు, ఒక్కొక్కటీ 1,200 మెగావాట్లకు పైబడినవి, అత్యాధునికమైనవి. ఇంధనం దొరకని నెలల్లో ఆ ఆధునికత ఎందుకూ కొరగాలేదు.

కాబట్టి ప్రభుత్వమా ప్రైవేటా అన్నది రెండో ప్రశ్న. ఏడాదికి కొన్ని వందల గంటల కోసం ఎన్ని మెగావాట్లు సిద్ధంగా ఉండాలి, వాటికి ఇంధనం ఎక్కడ నిల్వ ఉంటుంది, ఆ సిద్ధపాటు ఖర్చు ఏ బిల్లులో కనిపిస్తుంది అన్నవి మొదటి ప్రశ్నలు. వీటికి జవాబు ఉంటే ప్రైవేటు ప్లాంటుతో ఒప్పందం కుదుర్చుకున్నా సరిపోతుంది. ఎవరూ ఒప్పుకోని చోట కొన్నింటిని ప్రభుత్వమే ఉంచుకోవడంలో తప్పు లేదు. రెండు నుంచి నాలుగు గంటల లోటును బ్యాటరీలు తీరుస్తున్నాయి, నంద్యాల జిల్లా పిన్నాపురంలో కట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ లాంటివి ఇంకొంచెం ఎక్కువ సేపు అందుకుంటాయి. గ్యాస్‌కు మిగిలేది రోజుల తరబడి సాగే కొరత: వరుస వడగాడ్పులు, మబ్బులు కమ్మి గాలి ఆగిన వారం.

ఆ జవాబుల కోసం యంత్రాలు ఎదురుచూడటం లేదు. పాతబడి నడవని ప్లాంట్లను జాబితా నుంచి తీసేయడంతో 2025 నాటికి దేశ గ్యాస్ సామర్థ్యం 20 వేల మెగావాట్ల దగ్గరికి తగ్గింది. సామర్లకోటలో గ్యాస్ కోసం చూసి చూసి విసిగిన ఒక టర్బైన్ల సముదాయాన్ని ఓడకెక్కించి బంగ్లాదేశ్‌కు తరలించారు. ఢాకా దగ్గరి మేఘ్నాఘాట్‌లో దాన్ని బిగించారు. దానికి కావాల్సిన ఎల్ఎన్‌జీ కూడా ఓడల మీదే వస్తుంది.