దేవుడు ముందు రొట్టె పెట్టాడు

కర్మెలు పర్వతం మీద గొప్ప విజయం చూసిన ఏలీయా, యెజెబెలు బెదిరింపుకు భయపడి అరణ్యంలోకి పారిపోయి, బదరీవృక్షం కింద చావు కోరుకున్నాడు (1 రాజులు 19). దేవుడు అతన్ని అవిశ్వాసీ అని గద్దించలేదు. దూతతో రొట్టె, నీళ్లు పెట్టించాడు. నిద్రపోనిచ్చాడు. లేపి మళ్లీ పెట్టించాడు. నలభై రోజుల ప్రయాణం తర్వాత హోరేబులో 'ఇక్కడేం చేస్తున్నావు?' అని అడిగాడు. ఒకసారి కాదు, రెండుసార్లు అడిగి, చెప్పింది విన్నాడు.

2021లో రెండో విడత కరోనాలో మా దర్శి ప్రాంతంలో ఒక పదో తరగతి బాబు తండ్రిని పోగొట్టుకున్నాడు. తిండి మానేశాడు, రాత్రిళ్లు నిద్రపోయేవాడు కాదు. సంఘంగా మేము వెళ్లాం. 'ఏడవకు, ఇది దేవుని చిత్తం, ప్రార్థన చేసుకో' అని చెప్పి వచ్చేశాం. వాడు మరింత ముడుచుకుపోయాడు.

తర్వాత వాళ్లమ్మ ఫోన్‌లో ఒక కౌన్సెలర్‌తో మాట్లాడించింది. ఇల్లంతా ఒకే గది, ఉన్నది ఒకే ఫోన్. అందుకని వాడు సాయంత్రాలు పక్కింటి డాబా ఎక్కి మాట్లాడేవాడు. ఆమె తండ్రి మాట ఎత్తలేదు. నిద్ర, తిండి, పగలు చేసే పనుల గురించే అడిగేది. వాడు మౌనంగా ఉంటే ఆమె ఓపిగ్గా ఆగేది. కొన్ని వారాలకు అసలు మాట బయటికొచ్చింది. 'జబ్బు నేనే ఇంటికి తెచ్చాను, నాన్నను నేనే చంపాను.' చాన్నాళ్లకు వాడే ఈ సంగతి మాతో చెప్పాడు. అంత బరువు మోస్తున్న బిడ్డకు మేము ఇచ్చినవి సలహాలు! ఆ రోజు మాకు సిగ్గేసింది.

ఫోన్‌లో, వీడియోలో వైద్యం అందించడానికి కేంద్ర ప్రభుత్వం 2020 మార్చి 25న మార్గదర్శకాలు ఇచ్చింది. మాటల్లో చెప్పలేని చిన్న పిల్లల చేత బొమ్మలు గీయించి, ఆటలాడించి మనసు తెలుసుకుంటారు. తల్లిదండ్రులకూ నేర్పుతారు. ఇది విశ్వాసానికి విరోధం కాదు. మిషనరీ ఐడా స్కడర్ మొదలుపెట్టిన వేలూరు సీఎంసీలో మానసిక వైద్య కేంద్రం 1957 నుంచే ఉంది. అక్కడ రోగితోపాటు కుటుంబ సభ్యులనూ ఉండమంటారు.

కరోనా తగ్గింది గానీ ఆనాటి గాయాలు అందరిలో మానలేదు. మీ సండే స్కూలు పిల్లల్లో ఎవరైనా స్నేహితులకు దూరమైతే, నిద్ర చెడితే, ఊరికే కోపగిస్తుంటే, చచ్చిపోతానంటే తేలిగ్గా తీసుకోకండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆపదలో ఉన్న పిల్లలకు 1098 ఉంది.

ప్రార్థన మానమని కాదు. ప్రార్థించే నోటికి వినే చెవి కూడా తోడు కావాలి. ఏలీయా చెప్పిందంతా విన్న దేవుడు చివరికి అతనికి ఎలీషాను తోడిచ్చాడు. మన మధ్య ఒంటరిగా కూర్చున్న బిడ్డకు తోడు వెళ్లాల్సింది మనమే.