జీపు అద్దాలు నల్లగా ఉండవచ్చా?

పొద్దు వాలింది. ఊరి మధ్య చింతచెట్టు కింద పొదుపు సంఘం ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. రోడ్డు మీద పోలీసు జీపు ఒకటి మెల్లగా పోయింది. దాని అద్దాలు నల్లగా ఉన్నాయి. లోపల ఎవరున్నారో కనబడలేదు.

"ఎవరిని ఎక్కించుకు పోతున్నారో ఏమో!" అంది ఒక ముసలమ్మ.

"ఎవరినీ కాదులే అత్తా. గస్తీకి వచ్చి ఉంటారు" అంది కోడలు.

"గస్తీకి వచ్చినోళ్ళు మొహం దాచుకోవడం ఎందుకే?"

కోడలికి జవాబు దొరకలేదు. ముసలమ్మ ప్రశ్న చిన్నదేమీ కాదు. బండి అద్దాల నలుపు గురించి దేశంలోని పెద్ద కోర్టు దాకా పోయి తేల్చుకోవలసి వచ్చింది.

అద్దానికి నలుపు ఎలా వస్తుంది?

మామూలు అద్దం తెల్లగా ఉంటుంది. దాని మీద సన్నటి ప్లాస్టిక్ కాగితం లాంటిది అతికిస్తారు. దాన్ని ఫిల్ము అంటారు. ఫిల్ము నల్లగా ఉంటే వెలుతురు తక్కువగా లోపలికి పోతుంది.

పగటిపూట వీధిలో నిలబడి ఏదైనా ఇంటి కిటికీలోకి చూడండి. లోపల చీకటిగా ఉంటుంది. మనుషులు సరిగా కనబడరు. ఇంట్లో ఉన్నవాళ్ళకు మాత్రం వీధిలో పోయే ప్రతి మనిషీ కనబడతారు. వెలుతురులో ఉన్నవాళ్ళు చీకట్లో ఉన్నవాళ్ళకు తేలిగ్గా దొరికిపోతారు. నల్ల అద్దం చేసే పని కూడా ఇదే. లోపలి వాళ్ళు మనల్ని చూస్తారు. మనం వాళ్ళను చూడలేం.

రాత్రిపూట ఇంకో చిక్కు ఉంది. బయటే వెలుతురు తక్కువ. ఉన్న కాస్త వెలుతురునూ నల్ల అద్దం మింగేస్తుంది. అప్పుడు బండిలో ఉన్నవాళ్ళకు కూడా బయట సరిగా కనబడదు. గస్తీ తిరిగేది ఎక్కువగా రాత్రిపూటే. రోడ్డు పక్కన ఎవరైనా పడి ఉన్నా, సందులో ఎవరైనా పరుగెత్తినా గస్తీ పోలీసుల కంట పడాలి కదా. కన్ను ఆనకపోతే ఆ గస్తీ వల్ల ఏం లాభం?

చట్టం ఏమంటోంది?

మోటారు బండ్లకు కేంద్ర ప్రభుత్వం 1989లో నియమాలు చేసింది. అందులో 100వ నియమం అద్దాల గురించి చెబుతుంది. అద్దం మీద 100 పాళ్ళ వెలుతురు పడిందనుకోండి. ముందు అద్దం, వెనక అద్దం అందులో 70 పాళ్ళకు తగ్గకుండా లోపలికి పోనివ్వాలి. పక్క అద్దాలు 50 పాళ్ళకు తగ్గకూడదు.

నియమం ఉంది కానీ పాటించినవాళ్ళు తక్కువ. కార్లకు నల్ల ఫిల్ములు వేయించుకోవడం ఒక దర్జా అయింది. నల్ల అద్దాల కార్లలో ఆడపిల్లలను ఎత్తుకుపోతున్నారని, నేరాలు చేసి తప్పించుకుంటున్నారని ఒక పౌరుడు సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 2012 ఏప్రిల్ 27న కోర్టు తీర్పు చెప్పింది. పలచటిదైనా సరే, చిక్కటిదైనా సరే, అద్దాల మీద నల్ల ఫిల్ము అతికించకూడదని చెప్పింది. ఆ ఏడాది మే 4 నుంచి దేశమంతా ఇది అమలు కావాలంది. ఎండ పడదు, చూపు పడదు అని కొందరు అంటారు. కొందరి సౌకర్యం కన్నా అందరి భద్రత ముఖ్యమని కోర్టు అంది.

ఆ తీర్పు వచ్చిన ఏడాదే, డిసెంబరు 16 రాత్రి, ఢిల్లీలో ఘోరం జరిగింది. ఒక యువతిపై కదిలే బస్సులో అత్యాచారం చేశారు. ఆమె తర్వాత చనిపోయింది. ఆ బస్సుకు నల్ల అద్దాలు ఉన్నాయి. లోపల తెరలు కూడా ఉన్నాయి. బస్సు తిరిగింది అడవిలో కాదు, నగరం నడిబొడ్డున. రోడ్ల మీద జనం ఉన్నారు. ఎవరికీ ఏమీ కనబడలేదు.

తర్వాత నియమంలో కొంత మార్పు వచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి, లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దాలు కూడా వాడవచ్చు. కానీ 70, 50 పాళ్ళ లెక్క మారలేదు. ఈ లెక్క తప్పకుండా ఉంటే అలాంటి పొర వేసుకోవచ్చని 2024లో కేరళ హైకోర్టు అంది. అంటే లోపలి మనిషి కనబడాలన్న మాట అలాగే ఉంది.

మరి పోలీసు బండ్లకో?

వాటికి వేరే చట్టం లేదు. 2012 తీర్పు అన్ని బండ్లకూ వర్తిస్తుంది. జెడ్, జెడ్ ప్లస్ అనే పెద్ద భద్రత ఉన్నవాళ్ళ అధికారిక కార్లకు మాత్రం మినహాయింపు ఇవ్వవచ్చు. అది కూడా ఉన్నతాధికారుల సంఘం ఆలోచించి ఇవ్వాలి. ఊళ్ళో గస్తీ తిరిగే జీపు ఆ లెక్కలోకి రాదు. నల్ల ఫిల్ము ఉందని రోడ్డు మీద కార్లు ఆపి జరిమానా వేసేది పోలీసులే. వాళ్ళ జీపుకే నలుపు ఉంటే ఎదుటివాళ్ళకు ఏ నోటితో చెబుతారు?

పోలీసులకూ చెప్పుకోవడానికి కొన్ని మాటలు ఉన్నాయి. మే నెల ఎండలో రోజంతా జీపులో కూర్చునే కానిస్టేబులు కష్టం తీసిపారేసేది కాదు. ఇనుము కాలిపోతూ ఉంటుంది. కానీ వేడికి వేరే మందు ఉంది. వెలుతురును రానిచ్చి వేడిని తగ్గించే అద్దాలు ఉన్నాయి. ఎండను ఆపడానికి మనిషినే కనబడకుండా చేయనక్కరలేదు.

రెండో మాట ఇంకొంచెం బరువైనది. అన్యాయం జరిగిన ఆడపిల్లను ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలో నలుగురూ వేలు పెట్టి చూపిస్తారు. ఆమె మొహం దాచాలి కదా అంటారు. నిజమే, దాచాలి. ఆమె పేరు బయటపెట్టడం కూడా చట్టం ప్రకారం నేరం. అయితే అలాంటప్పుడు పోలీసు అని రాసి ఉన్న జీపే ఎందుకు? మామూలు బండిలో, పక్కన ఆడ పోలీసును కూర్చోబెట్టి తీసుకుపోవచ్చు. చిన్నపిల్లల దగ్గర వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫారంలో ఉండకూడదని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. దాచవలసిన చోట దాచడానికి ఇలాంటి దారులు ఉన్నాయి. హైదరాబాదులో 2014లో మొదలైన షీ టీములు కూడా మఫ్టీలో తిరిగి ఆకతాయిలను పట్టుకుంటాయి. అది వేరే పని. గస్తీ జీపు పని కనబడటం. దాన్ని చూసి దొంగ భయపడాలి. ఆపదలో ఉన్న మనిషి దాని వైపు పరుగెత్తాలి. లోపల ఎవరున్నారో తెలియని బండి దగ్గరికి రాత్రిపూట ఏ ఆడమనిషి పోతుంది?

ముసలమ్మ భయం ఎక్కడిది?

ఊరికే వచ్చిన భయం కాదు. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక పేద స్త్రీపై పోలీసులు అత్యాచారం చేశారని, అడగబోయిన ఆమె భర్తను కొడితే చనిపోయాడని నగరం అట్టుడికిపోయింది. అంతకుముందు 1972లో మహారాష్ట్రలో ఒక గిరిజన అమ్మాయికి పోలీసు స్టేషనులోనే అన్యాయం జరిగింది. దేశమంతా ఆడవాళ్ళు రోడ్డెక్కారు. 1983లో చట్టం మారింది. తన అదుపులో ఉన్న స్త్రీపై అత్యాచారం చేసిన పోలీసుకు కనీసం పదేళ్ళ శిక్ష అని రాశారు.

స్టేషనుకు గోడలు ఉంటాయి. నల్ల అద్దాల జీపు కూడా కదిలే గోడల లాంటిదే. అందుకే జీపు ఎక్కించే ముందే కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. సూర్యుడు అస్తమించాక, ఉదయించక ముందు స్త్రీని అరెస్టు చేయకూడదు. తప్పనిసరి అయితే ఆడ పోలీసు అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని చేయాలి. అరెస్టు చేసే పోలీసుకు పేరు పలక ఉండాలి. ఎన్ని గంటలకు అరెస్టు చేశారో కాగితం రాయాలి. దాని మీద ఇంటివాళ్ళో, ఊళ్ళో ఒక పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. ఈ కాగితం, పేరు పలక ఉండాలని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. 24 గంటల లోపల, ప్రయాణానికి పట్టే సమయం పోను, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.

ఇన్ని కట్టుబాట్లూ కాగితం మీద ఉన్నాయి. జీపులో ఆడ పోలీసు ఉందా లేదా అని చూడటానికి మాత్రం అద్దం తెల్లగా ఉండాలి.

నల్ల అద్దాల జీపు కనబడితే?

గొడవ పడనక్కరలేదు. బండి నంబరు చూసి రాసుకోవచ్చు. తేదీ, సమయం, ఏ ఊరి దగ్గర చూశారో రాయాలి. ఆ బండికి నల్ల ఫిల్ము ఉందని నాలుగు ముక్కల్లో అర్జీ రాసి జిల్లా ఎస్పీ ఆఫీసులో ఇవ్వాలి. నగరంలో అయితే పోలీసు కమిషనరు ఆఫీసులో ఇవ్వాలి. ఇచ్చినట్టు రసీదు అడగాలి. ఒక్కరే పోవడానికి జంకుగా ఉంటే సంఘం తరఫున నలుగురూ కలిసి పోవచ్చు.

చింతచెట్టు కింద కోడలు పుస్తకం తీసింది. లెక్కలు రాసే పుస్తకమే. వెనక పేజీలో జీపు నంబరు రాసుకుంది.

"ఆఖరి అంకె నాలుగా, తొమ్మిదా?" అని అడిగింది.

"తొమ్మిదే. నేనే చదివాను" అంది ముసలమ్మ.