పాత బుల్లెట్ ఇంజనుకు పైపని

పాత మోటారు సైకిలు ఎత్తు ఎక్కలేక రొప్పుతున్నా, వెనుక నీలిపొగ విడుస్తున్నా, కిక్కరు మీద కాలు మోపగానే ఎదురు నిలవకుండా మెత్తగా దిగిపోతున్నా, వ్యాధి సాధారణంగా ఇంజను పైభాగంలో ఉంటుంది. పైభాగమంటే సిలిండరు, దానిపై మూతవంటి హెడ్డు, హెడ్డులోని కవాటాలు, సిలిండరులో పైకీ క్రిందికీ ఆడే ముషలకం. ముషలకాన్ని మెకానిక్కులు పిస్టను అంటారు; మనమూ అలాగే పిలుద్దాము. క్రింది భాగంలోని క్రాంకును కదపకుండానే వీటన్నిటినీ విప్పి బాగుచేయవచ్చు. ఓపిక గల గృహస్థు ఈ పనిలో చాలా భాగం ఇంటివద్దనే చేసుకోగలడు. ఐతే ఇందులో విప్పడం, బిగించడం కంటె కొలవడం ముఖ్యం. ఎందుకో చూద్దాము.

మన ఊళ్ళలో బాగా ఎరిగిన పాత 350 బుల్లెట్‌నే తీసుకొందాము. ఇంగ్లండులోని రెడిచ్‌లో రూపొందిన ఈ బండి 1955 నుండి మద్రాసులోనూ తయారైంది. ఆ పాత ఇంజనులో సిలిండరు పోత ఇనుముతో చేసినది. పిస్టను, హెడ్డు అల్యూమినియం మిశ్రలోహంతో చేసినవి. సిలిండరు లోపలి వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు; లెక్క కడితే 346 ఘన సెంటీమీటర్లు వస్తుంది.

చిక్కంతా ఈ రెండు లోహాల పొత్తులో ఉన్నది. ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కితే పోత ఇనుము తన పొడవులో పది లక్షలకు సుమారు 11 భాగాలు పెరుగుతుంది. పిస్టను మిశ్రలోహం సుమారు 20 భాగాలు పెరుగుతుంది. రెండూ సమానంగా 100 డిగ్రీలు వేడెక్కాయనుకొందాము. సిలిండరు వ్యాసం 0.077 మిల్లీమీటరు పెరిగితే పిస్టను వ్యాసం 0.14 మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే చల్లగా ఉన్నపుడు వాటి మధ్య ఉంచిన సందులో 0.06 మిల్లీమీటరు, ఇంచుమించు ఒక తలవెంట్రుక మందం, మాయమైపోతుంది. నిజానికి మంటను తాకే పిస్టను సిలిండరుకంటె ఎక్కువ వేడెక్కుతుంది గనుక ఇంకా పోతుంది. సందు చాలకపోతే నూనెపొర తెగి, అల్యూమినియం ఇనుపగోడకు అంటుకొని పిస్టను బిగుసుకొంటుంది. బండి వేగంగా పోతుండగా ఇది జరిగితే వెనుకచక్రం హఠాత్తుగా ఆగిపోతుంది. మనిషి పడిపోయే ప్రమాదమున్నది. సందు మరీ ఎక్కువైతే పిస్టను అటూ ఇటూ కొట్టుకొని టకటక మోగుతుంది, రింగులు సరిగా ఆనవు, నూనె పైకెక్కి కాలి నీలిపొగ అవుతుంది.

కంటికి గుండ్రంగా కనిపించే పిస్టను గుండ్రం కాదని చాలమంది ఎరుగరు. వేడి ఎక్కువ తగిలే పైకొస కొంచెం సన్నగా ఉంటుంది. అడ్డపిన్ను ఉన్న దిశలో వ్యాసం ఇంకొంచెం తక్కువ. కనుక పిస్టనును కొలిచేటప్పుడు మైక్రోమీటరును క్రింది అంచు దగ్గర, పిన్నుకు అడ్డంగా పెట్టవలెను.

విప్పే పని ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే. పెట్రోలు టాంకు, కార్బురేటరు, పొగగొట్టం, నూనె గొట్టం తీసిన తరువాత, రెండు కవాటాలూ మూసి ఉండేటట్లు పిస్టనును పైకి తెచ్చి, రాకర్లు, తోపుడు కడ్డీలు తీయవలెను. హెడ్డు నట్లను ఒక్కొక్కటిగా పూర్తిగా విప్పరాదు. ఎదురెదురు నట్లను కొద్దికొద్దిగా సడలిస్తే హెడ్డు వంకరపోదు. సిలిండరును పైకి లేపగానే క్రింది పెట్టె నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కవలెను. పిన్నును పట్టే చిన్న తీగ క్లిప్పు జారి అందులో పడితే, పైపని కాస్తా క్రిందిపని అవుతుంది! పిన్ను బిగువుగా ఉంటే సుత్తితో మోదరాదు, కడ్డీ వంగుతుంది. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డను పిస్టనుకు చుట్టండి. అల్యూమినియం ముందుగా వ్యాకోచించి పిన్ను వేలితో నెడితే వచ్చేస్తుంది. మనకు శత్రువైన వ్యాకోచమే ఇక్కడ మిత్రుడు.

ఇక సిలిండరు అరుగుదల. పై రింగు ఆగే చోట వాయుపీడనం హెచ్చు, వేడి హెచ్చు, నూనె తక్కువ. అందుచేత అరుగుదల అక్కడే ఎక్కువ. అంతకు పైన అరగని అంచు మెట్టులాగా మిగులుతుంది, గోటికి తగులుతుంది. లోపలి వ్యాసాన్ని కొలిచే సాధనం ఇంటివద్ద లేకపోతే ఒక ఉపాయమున్నది. రింగును సిలిండరు అడుగున, అరగని చోట, పిస్టనుతో నెట్టి సమంగా కూర్చండి. రింగు కొసల మధ్య సందును ఫీలరు గేజితో కొలవండి. తరువాత మెట్టుకు కాస్త క్రిందుగా పెట్టి మళ్ళీ కొలవండి. రెండింటి తేడాను 3.14తో భాగిస్తే వ్యాసం ఎంత పెరిగిందో తెలుస్తుంది. క్రింద 0.30, పైన 0.80 మిల్లీమీటరు వచ్చిందనుకొంటే తేడా 0.50, అరుగుదల 0.16 మిల్లీమీటరు. ఇటువంటి సిలిండరులో కొత్త రింగులు వేసి సరిపెట్టడం నా దృష్టిలో వట్టి దండగ. గుండ్రం తప్పిన గోడకు కొత్త రింగు ఆనదు; పైగా మెట్టుకు తగిలి విరగవచ్చు.

సిలిండరును తిరిగి తొలవడం లేతు షాపు పని. అంగుళంలో వెయ్యవ వంతును అక్కడ 'థౌ' అంటారు. పది, ఇరవై, ముప్పై థౌ పెద్దవైన పిస్టన్లు దొరుకుతాయి. ముందు పిస్టను కొని దానినీ ఇచ్చి, దానికి తగినట్లు తొలిపించవలెనుగాని, ముందు తొలిపించి తరువాత పిస్టను వెదకరాదు. లోపలిగోడ అద్దంలా మెరవాలని కోరకండి. హోనింగు వేసిన సన్నని అడ్డగీతలు నూనెను పట్టి ఉంచుతాయి, రింగులు కుదురుకోవడానికి తోడ్పడతాయి.

కొత్త రింగు కొసల మధ్య కూడా సందు ఉండవలెను. చుట్టుకొలత 220 మిల్లీమీటర్లు. గోడకంటె రింగు 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 0.24 మిల్లీమీటరు పెరుగుతుంది. సుమారు 0.28 ఉంచే వాడుకకు కారణమిదే. తక్కువైతే సన్నని ఆకురాయితో రాయవచ్చు. రింగుల నోళ్ళు ఒకే వరుసలోకి రాకుండా చుట్టూ పంచి పెట్టవలెను.

హెడ్డులోని మసిని కర్రముక్కతో గీకండి. ఉక్కుపనిముట్టు మెత్తని లోహాన్ని చీరుతుంది. కవాటాలకు గ్రైండింగు పేస్టు రాసి, అటూ ఇటూ తిప్పుతూ, మధ్య మధ్య ఎత్తి చోటు మారుస్తూ, తెగిపోని బూడిదరంగు వలయం వచ్చేవరకు నూరవలెను. పేస్టు పూర్తిగా కడిగి, స్ప్రింగులు బిగించి, హెడ్డు దారిలో కిరసనాయిలు పోసి చూడండి. చుక్క కారినా మళ్ళీ నూరవలసిందే. పొగను వదిలే కవాటం తన వేడిని పీఠం ద్వారానే వదిలించుకొంటుంది. సరిగా ఆనకపోతే అంచు కాలిపోతుంది.

అన్నిటినీ నూనెతో తడిపి కూర్చి, హెడ్డు నట్లను ఎదురెదురుగా, విడతలుగా బిగించండి. పాత గాస్కెట్టు మళ్ళీ వాడరాదు. చల్లగా ఉండగా, కవాటాలు మూసి ఉన్నపుడు, తోపుడు కడ్డీ వేళ్ళతో సులువుగా తిరగాలి, పైకీ క్రిందికీ మాత్రం ఆడరాదు. ఈ ఇంజనుకు అదే కొలత. మొదటి కొన్నివందల కిలోమీటర్లు బరువెక్కించక, ఒకే వేగం పట్టక, మెల్లగా నడపండి. వేగం తనంతట తగ్గుతూ ఇంజను బిగుసుకొంటున్నట్లు తోస్తే తక్షణమే క్లచ్చి పట్టి, బండిని పక్కకు ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి.