గుట్టు దాచలేదు

మావారి మెడమీద చిన్న గడ్డ లేచింది. సికిందరాబాదులో డాక్టరుగారు పరీక్షలు చేయించి, థైరాయిడ్ గ్రంథికి వచ్చే మెడుల్లరీ క్యాన్సరన్నారు. ఇది అరుదైన జబ్బు. ఇటువంటి కేసుల్లో సుమారు నాలుగోవంతు వంశపారంపర్యంగా వచ్చేవేనట. మావారిదీ అదేనని రక్తపరీక్షలో తేలింది.

"మేం మేనరికం చేసుకోబట్టే వీడికీ జబ్బు వచ్చింది" అని మా అత్తగారు కంటతడి పెట్టుకున్నారు. కాని దీనికి మేనరికంతో నిమిత్తం లేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి 'రెట్' అనే జన్యువులో మార్పు వుంటే చాలు. ఆడైనా మగైనా, ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం.

ఈ సంగతి 1993లో బయటపడింది. అప్పటినుంచి పిల్లలకు ముందే రక్తపరీక్ష చేసి, మార్పు వుంటే క్యాన్సరు రాకముందే గ్రంథి తీసివేస్తున్నారు. ఆపైన జీవితాంతం రోజూ మాత్ర వేసుకోవాలి.

మా అబ్బాయికి ఆ మార్పు లేదు. అమ్మాయికి వుంది. ఆపరేషను చేయించాము.

"ఆడపిల్ల, పెళ్ళి కావలసింది. ఈ మాట బయటికి పొక్కనీయకండి" అన్నారు చుట్టాలు. మావారు వినలేదు. ఆపరేషనయి ఇంటికి రాగానే అన్నగారికీ, చెల్లెలికీ తామే ఫోను చేసి చెప్పారు. పరీక్ష చేయిస్తే మా ఆడపడుచుకూ జబ్బు వున్నట్లు తేలింది. ఇంకా మొదటి దశలోనే వుంది. మేము గుట్టుగా వూరుకుంటే ఆమె గతి ఏమయ్యేది?

మీ ఇళ్ళలో ఇటువంటి అనుమానముంటే పంజగుట్ట నిమ్స్‌లో జన్యువైద్య విభాగం వుంది. అడగడానికి సంకోచించకండి.